ఆరుబయటి బెంచీలు – పదార్థ నిర్ణయముపై ఒక విమర్శ

వంతెన కట్టునపుడు ఇంజనీర్లు నెలల తరబడి లెక్కలు వేయుదురు. బెంచీ వేయునపుడు ఎవరును లెక్క వేయరు. పంచాయతీ గాని, దేవాలయ సంఘము గాని, తండ్రి పేర నలుగురికి ఉపకరించు పని చేయదలచిన ఒక దాత గాని, సిమెంటు సామాను చేయు చోటికి పోయి ధర విచారించి, అన్నిటిలో చౌకదానిని బండిపై వేయించుకొని వచ్చును. కొన్ని ఏండ్లు గడచునప్పటికి ఆ బెంచీ అడుగున పెచ్చులు రాలును. తుప్పు పట్టిన చువ్వ బయటికి వచ్చి పిల్లల కాళ్లకు గీసికొనును. వీపు బల్ల విరిగి పడును. అయినను తొలగించువారుండరు. ఊరి చెరువు గట్టు వరకు నడచి వచ్చి కొంతసేపు కూర్చొని పోదమనుకొన్న వృద్ధునికి చోటు లేకపోవును. కొన్నాళ్లకు మరియొక దాత అట్టి బెంచీనే మరల తెచ్చి వేయును.

ఈ నష్టమునకు సిమెంటును నిందించుట న్యాయము కాదు. సిమెంటు మంచి పదార్థమే. రాయి, ఉక్కు, కలప కూడ మంచివే. తప్పు నిర్ణయములో ఉన్నది. ఏ పదార్థము ఏ చోట, ఏ కారణముచే చెడునో విచారింపక, మొదటి ధర నొక్కదానినే చూచుట మన అలవాటు. 2003లోను, 2015లోను గోదావరి పుష్కరములు జరిగినవి. 2027 పుష్కరములతో ఆ వరుస సాగుచున్నది. ఇట్టి సందర్భములలో రేవులు, రోడ్లు, తోటలు ఒక్కసారిగా అలంకరింపబడును. బెంచీలు వందల కొలది ఒక్క అంచనాపై కొనబడును. ఒక బెంచీ విషయమున జరిగిన తప్పు అప్పుడు వంద బెంచీల తప్పగును. కనుక ఈ చిన్న వస్తువును గూర్చి కొంత శాస్త్రీయముగ ఆలోచించుట వ్యర్థము కాదు.

ఒకే జిల్లా, రెండు గాలులు

2022లో జిల్లాలను విడదీయక పూర్వము ఉభయ గోదావరి జిల్లాలని పిలువబడిన ప్రాంతమును మనము ఒకే సీమగా భావింతుము. కాని లోహముల దృష్టిలో ఇది ఒకే సీమ కాదు. రాజమండ్రి, కొవ్వూరు, తణుకు సముద్రమునకు దూరముగ నున్నవి. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెము, ఉప్పాడ సముద్రపు ఒడ్డుననే ఉన్నవి. అలలు విరిగినపుడు లేచు సన్నని తుంపరలు ఆరిపోయి, ఉప్పు రేణువులై గాలిలో తేలుచు లోపలికి వచ్చును. ఒడ్డున ఈ రేణువులు మిక్కుటము. ఒడ్డు నుండి లోపలికి పోయిన కొలది ఇవి త్వరగా తగ్గును.

ఉప్పు రేణువు ఇనుముపై వాలుట ఎందుకు ప్రమాదకరము? ఇనుము తుప్పు పట్టుటకు నీరు, ఆక్సిజన్ రెండును కావలెను. శుభ్రమైన ఇనుముపై, గాలిలోని తేమ 60 శాతము దాటినపుడు గాని తుప్పు వేగముగ సాగదు. కాని సముద్రపు ఉప్పు ఉన్నచోట ఈ హద్దు తగ్గును. మనము తిను ఉప్పు, తేమ 75 శాతమునకు చేరినపుడు గాలిలోని నీటిని పీల్చుకొని తానే ద్రవమగును. సముద్రపు ఉప్పులోనే ఉన్న మెగ్నీషియము క్లోరైడు 33 శాతము తేమ వద్దనే ఆ పని చేయును. అనగా, వాన లేకున్నను, మంచు లేకున్నను, కోనసీమ తీరమున నున్న ఇనుము దాదాపు సంవత్సరమంతయు పలుచని ఉప్పునీటి పొరలో మునిగి ఉండునన్నమాట.

దీనికి తోడు డెల్టాలో మరి మూడు బాధలు కలవు. ఏటా 1,000 మిల్లీమీటర్లకు పైబడి వర్షము కురియును. కాలువల చివరి భూములలో, సముద్రపు చేరువను, నేలలోనే ఉప్పు ఉండును. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను వచ్చినట్టి వరదలలో లంకలు, రేవులు రోజుల తరబడి నీటిలో మునుగును. ఇట్టి చోట రాజమండ్రికి పనికివచ్చిన బెంచీ అంతర్వేదికి కూడ పనికివచ్చునని తలచుట మొదటి తప్పు. జిల్లా అంతటికి ఒకే నమూనా, ఒకే అంచనా తయారు చేయుట కార్యాలయమునకు సులభమే గాని, పదార్థమునకు న్యాయము కాదు.

సిమెంటు బెంచీ ఎందుకు పగులును?

కాంక్రీటు నొక్కుడును బాగుగ ఓర్చుకొనును, లాగుడును ఓర్చుకొనలేదు. బల్లపై మనుష్యులు కూర్చొన్నపుడు బల్ల కొంచెము వంగును. పై భాగము నొక్కబడును, అడుగు భాగము సాగదీయబడును. అడుగున కాంక్రీటు చీలకుండుటకే ఇనుప చువ్వలు వేయుదురు.

ఆ చువ్వ లోపల ఎందుకు తుప్పు పట్టదు? సిమెంటు నీటితో కలిసినపుడు సున్నము పుట్టును. ఆ క్షారము వలన ఇనుముపై కంటికి కనబడని సన్నని పొర ఏర్పడి దానిని కాపాడును. ఈ రక్షణకు ఇద్దరు శత్రువులు కలరు. ఒకటి గాలిలోని బొగ్గుపులుసు వాయువు. అది మెల్లమెల్లగ లోపలికి చొచ్చి సున్నమును సుద్దగా మార్చును, క్షారగుణము నశించును. రెండవది ఉప్పులోని క్లోరైడు. అది క్షారము ఉండగనే పొరను అక్కడక్కడ ఛేదించును. పొర పోయిన పిదప ఇనుము తుప్పుగా మారును. తుప్పు, తాను పుట్టిన ఇనుముకంటె రెండు నుండి ఆరు రెట్లు చోటు ఆక్రమించును. లోపలినుండి పుట్టు ఈ ఒత్తిడికి కాంక్రీటు తాళలేక పగులును. మనము చూచు పెచ్చులు అవియే. బెంచీని విరుగగొట్టినది దానిపై కూర్చొన్నవారి బరువు కాదు, లోపలి తుప్పు.

కనుక బెంచీ ఆయుర్దాయము చువ్వపై నున్న కాంక్రీటు దళసరిపై ఆధారపడును. మేస్త్రీలు దీనిని కవరు అందురు. బొగ్గుపులుసు వాయువు చొచ్చుకొనిపోవు లోతు, కాలము యొక్క వర్గమూలమును అనుసరించి పెరుగును. ఒక మధ్యరకపు కాంక్రీటులో మొదటి సంవత్సరమున 5 మిల్లీమీటర్లు చొచ్చుననుకొందము. అప్పుడు 20 మిల్లీమీటర్లు చొచ్చుటకు 16 సంవత్సరములు పట్టును. కవరు 10 మిల్లీమీటర్లే ఉన్నచో 4 సంవత్సరములు చాలును. కవరు సగమైన, రక్షణ కాలము నాలుగవ వంతగును. అచ్చులో చువ్వల క్రింద చిన్న సిమెంటు బిళ్లలను ఉంచక, చువ్వలను అడుగున పడవైచి పైన కాంక్రీటు పోయు పనివాడు, ఒక్క నిమిషము ఆదా చేసికొని బెంచీ ఆయువును ఏండ్ల కొలది తగ్గించుచున్నాడు.

ఇప్పుడు భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 456ను చూడుడు. 2000 సంవత్సరపు ఈ ప్రమాణము తీరపు గాలికి నేరుగా గురియగు కాంక్రీటును ‘తీవ్ర’ పరిస్థితిలో చేర్చి, చువ్వపై 45 మిల్లీమీటర్ల కవరును, ఎం-30 రకపు కాంక్రీటును కోరుచున్నది. బజారు బెంచీ బల్ల దళసరి సాధారణముగ 50, 60 మిల్లీమీటర్లు. అందులో 8 మిల్లీమీటర్ల చువ్వను సరిగా నడుమ నుంచినను, 60 మిల్లీమీటర్ల బల్లలో పైన 26, క్రింద 26 మిల్లీమీటర్ల కవరే మిగులును. ఇరువైపుల 45 మిల్లీమీటర్లు కావలెనన్నచో బల్ల దాదాపు 100 మిల్లీమీటర్లు ఉండవలెను. అనగా ఇప్పటి పలుచని సిమెంటు బెంచీ, ఎంత శ్రద్ధగ చేసినను, సముద్రపు ఒడ్డున ప్రమాణమునకు సరిపడజాలదు. ఇది పనివాని దోషము కాదు, నమూనా దోషము. ప్రమాణము భవనముల కొరకు వ్రాయబడినదని కొందరనవచ్చును. కాని ఉప్పుగాలి భవనమునకును బెంచీకిని భేదము చూపదు.

దీనికి విరుగుడు విచిత్రముగ చౌకయైనదే: ఇనుమును మానివేసి దళసరి పెంచుట. ఒక లెక్క చూతము. కాళ్ల నడుమ దూరము 1.2 మీటర్లు, వెడల్పు 45 సెంటీమీటర్లు గల బల్లపై ముగ్గురు మనుష్యులు, ఒక్కొక్కరు 75 కిలోగ్రాములు, వరుసగ కూర్చొన్నారనుకొందము. ఇనుము లేని 60 మిల్లీమీటర్ల కాంక్రీటు బల్లలో, దాని స్వంత బరువుతో కలిపి, అడుగున పుట్టు లాగుడు చదరపు మిల్లీమీటరుకు సుమారు 1.7 న్యూటన్లు. ఎం-20 కాంక్రీటు వంగినపుడు 3.1 న్యూటన్ల వద్ద చీలును. ఆ ముగ్గురును నడుమకు చేరినచో లాగుడు 2.9కి పెరుగును. ఇది ప్రమాదపు అంచు. అదే బల్లను 150 మిల్లీమీటర్ల దళసరితో పోసినచో, వరుసగ కూర్చొన్నపుడు లాగుడు 0.4 న్యూటన్లకు లోపే. ఓర్పు దానికి ఎనిమిది రెట్లు. కాంక్రీటు రెండున్నర రెట్లు పట్టును గాని, చువ్వల ఖర్చు పోవును. తుప్పు పట్టుటకు లోపల ఏమియు ఉండదు. బరువైనది కనుక దొంగలు ఎత్తుకొనిపోరు, వరద కదల్పజాలదు.

ఇంకొక మాట. కాంక్రీటును కనీసము ఏడు దినములు తడిపి ఉంచవలెను. వేసవిలో పది దినములు ఉంచుట మంచిది. ఉప్పనీటితో కలుపరాదు. డెల్టా చివర బోరునీటిని రుచి చూడకయే సిమెంటులో పోయుట, శత్రువును ఇంటిలోనికి పిలుచుటవంటిది.

ఇనుము, ఉక్కు

ఇనుము బయట నిలువదను వాదము సరికాదు. రాజమండ్రి వద్ద 1900లో ప్రారంభమైన హేవలాక్ వంతెన ఉక్కు దూలములు 1997 వరకు రైళ్లను మోసినవి. అయితే వంతెనకు రంగు వేయుటకు, తనిఖీ చేయుటకు రైల్వేశాఖలో మనుష్యులుందురు, అందుకు ఖర్చు కేటాయింపబడును. ఊరి బెంచీకి రంగు వేయు మనిషి ఎవరు? ఆ ప్రశ్నకు జవాబు లేనిచోట మామూలు ఇనుప బెంచీని కొనరాదు. ముఖ్యముగ గొట్టములతో చేసినవి లోపలినుండి తుప్పు పట్టును; పైన రంగు నిగనిగలాడుచుండగనే కాలు విరుగును.

జింకు పూసిన ఇనుము మేలు. జింకు తాను ముందు కరగి ఇనుమును కాపాడును. కాని పూత వేసిన తరువాత అతుకులు కాల్చినచో ఆ చోట జింకు మండిపోయి రక్షణ పోవును. బెంచీని పూర్తిగ చేసిన పిమ్మటనే కరగిన జింకులో ముంచవలెను.

స్టెయిన్‌లెస్ స్టీలు అనగా తుప్పు పట్టనిదని పేరు. అది కొంతవరకే సత్యము. అందలి క్రోమియము ఆక్సిజన్‌తో కూడి కాపుపొర నేర్పరచును. 304 రకములో 18 శాతము క్రోమియము, 8 శాతము నికెలు ఉండును. ఇది రాజమండ్రి, తణుకు వంటి చోట్ల చాలును. సముద్రపు ఒడ్డున క్లోరైడు ఈ పొరను గూడ పొడిచి చిన్న చిన్న గుంటలు చేయును. అచ్చట 2, 3 శాతము మాలిబ్డినము కలిసిన 316 రకము కావలెను. బజారులో 202 రకము చౌకగ దొరకును. దానిలో నికెలు తగ్గించి మాంగనీసు కలుపుదురు. చూపునకు మూడును ఒక్కటియే. అయస్కాంతముతో వీనిని నిశ్చయముగ వేరు చేయలేము. టెండరులో ‘స్టెయిన్‌లెస్ స్టీలు’ అని మాత్రము వ్రాసి రకపు సంఖ్యను వ్రాయనిచో, మనకు దక్కునది చౌకరకమే.

రాయి

1847లో ప్రారంభమై 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్టలో ఆర్థర్ కాటన్ దగ్గరి కొండరాతిని, సున్నమును వాడెను. మరమ్మతులు జరుగుచునే ఉన్నను, 1970లలో క్రొత్త బ్యారేజి నిర్మాణము మొదలగువరకు ఆ కట్టడమే డెల్టాకు నీరందించినది. చేరువ పదార్థము, దళసరి కట్టు, ఇనుముపై ఆధారపడకుండుట – ఈ మూడు గుణములు బెంచీకి కూడ వర్తించును.

కాని రాయి అంతయు ఒకటి కాదు. తూర్పు కనుమలలో విరివిగ దొరకు ఖొండలైటు – ఖోండుల పేర 1902లో వాకర్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు పెట్టిన పేరిది – వాన గాలులకు త్వరగ మెత్తబడి మట్టిగ మారు స్వభావము గలది. ఒరిస్సాలోని కోణార్క దేవాలయము 13వ శతాబ్దమున ఈ రాతితోనే కట్టబడినది. దాని గోడల శిల్పములు అరిగిపోగా, క్లోరైటు రాతితో చెక్కిన ద్వారబంధముల పనితనము నేటికిని స్పష్టముగ నున్నది. ఒకే గుడి, ఒకే సముద్రపు గాలి, రెండు రాళ్లు! ఇంతకంటె మంచి ప్రయోగము మరియొకటి లేదు. కనుమలలోనే లభించు చార్నకైటు గట్టిది. కలకత్తాలో 1690ల నాటి జాబ్ చార్నక్ సమాధిఫలకము ఆ రాతిదే. అతని పేరే రాతికి వచ్చినది.

గోదావరికి ఇరువైపుల కాతేరు, పంగిడి ప్రాంతముల నల్లరాయి సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరముల క్రిందటి లావా గడ్డకట్టగా ఏర్పడినది. గట్టిదే గాని పగుళ్లు హెచ్చు. కనుక కంకరకు, పునాదులకు తగినంతగ పొడవైన పలకలకు తగదు. రాజమండ్రి ఇసుకరాయి మెత్తనిది, నీరు పీల్చును. పలకలకు మనము రాయలసీమ వైపు చూడవలసియున్నది. బేతంచెర్ల, కడప నాపరాళ్లు పలుచగ చీలును గనుక చౌక. అవి సున్నపురాళ్లు గనుక చింతపండు, నిమ్మరసము వంటి పులుపులు పడిన మచ్చలు పడును. నీడన, గోడకట్టుపై పరచుటకు అవి చాలును. గ్రానైటు ఖరీదైనదైనను నీరు దాదాపు పీల్చదు.

గ్రానైటు బల్లలో ఇనుము అక్కరలేదు. ముందు చెప్పిన 1.2 మీటర్ల బెంచీకే 50 మిల్లీమీటర్ల గ్రానైటు పలక వేసినచో, ముగ్గురు వరుసగ కూర్చొన్నపుడు అడుగున లాగుడు 2.4 న్యూటన్లు, మంచి గ్రానైటు 8 న్యూటన్లకు పైగా ఓర్చును. పలకను 30 మిల్లీమీటర్లకు పలుచన చేసినచో లాగుడు సుమారు 6 న్యూటన్లగును. లోపల కనబడని పగులొకటి ఉన్నచో పలక విరుగును. రాతిలో ఆదా చేయదలచినవారు దళసరిని తగ్గింపక, కాళ్ల నడుమ దూరమును తగ్గించుట మేలు.

కలప, ప్లాస్టిక్కు

కలపను నేడు మనము తొందరపడి త్రోసివేయుచున్నాము. తాళ్లరేవులో చెక్కపడవల నిర్మాణము, 1789, 1839 ఉప్పెనలకు నాశనమైన కోరంగి రేవులో ఓడల నిర్మాణము జరిగిన సీమ ఇది. కలపను ఉప్పు చెరుపదు. బూజు, చెద చెరుపును. కలపలో తేమ 20 శాతమునకు లోబడి ఉన్నంత కాలము పుచ్చు పుట్టదు. అనగా నీరు నిలువని బద్దలు, బద్దల నడుమ వేలెడు సందు, నేలను తాకని కాళ్లు ఉండవలెను. టేకు చేవ, భూమిలో పాతినను సగటున పదేండ్లకు పైగ నిలుచు మొదటి తరగతి కలపగా భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 401 గుర్తించినది. అదే టేకు పైనుండు తెల్లచెక్కకు ఆ గుణము లేదు. తాటిమానులో బయటి చేవ గట్టిది, లోపలి భాగము మెత్తనిది. సరుగుడు కఱ్ఱను మందు పట్టింపక నేలలో పాతరాదు. కాళ్లు రాతివి లేక కాంక్రీటువి, కూర్చొను బద్దలు టేకువి అయినచో, చెడిన బద్ద నొక్కదానినే మార్చుకొనవచ్చును. మరమ్మతు చేయదగిన వస్తువు చెడిపోయిన వస్తువు కాదు.

ప్లాస్టిక్కు బద్దలకు తుప్పు లేదు, చెద లేదు. కాని సూర్యకిరణములలోని అతినీలలోహిత కాంతి వానిని పెళుసు చేయును. మసి కలిపిన నల్లరకములు ఎక్కువ కాలము నిలుచును. బరువు క్రింద మెల్లగ వంగిపోవు గుణమున్నది గనుక కాళ్లను దగ్గర దగ్గరగ వేయవలెను.

ఎండలో స్పర్శ

మన్నిక ఒక్కటియే చాలదు, కూర్చొనుటకు వీలుండవలెను. రోహిణి కార్తెలో బెంచీ 55 డిగ్రీలకు వేడెక్కినదనుకొందము. మన చర్మము 34 డిగ్రీలు. రెండును తాకినపుడు స్పర్శ వద్ద ఎంత వేడి ఉండును? ఇది పదార్థపు ఉష్ణవాహకత్వము, సాంద్రత, విశిష్టోష్ణము – మూడింటి లబ్ధమునకు వర్గమూలముపై ఆధారపడును. ఈ సంఖ్య చర్మమునకు సుమారు 1,200, కలపకు 400, కాంక్రీటుకు 1,800, గ్రానైటుకు 2,500, స్టెయిన్‌లెస్ స్టీలుకు 8,000. ఈ సంఖ్యల తూకముతో రెండు ఉష్ణోగ్రతల సగటు కట్టినచో, తాకిన చోట కలపపై 39, కాంక్రీటుపై 47, గ్రానైటుపై 48, స్టీలుపై 52 డిగ్రీలు వచ్చును. 44 డిగ్రీల ప్రాంతమున చర్మమునకు నొప్పి మొదలగును. ఈ లెక్క దళసరి వస్తువులకు చెల్లును. పలుచని రేకు త్వరగ చల్లారును. అయినను సారాంశము స్పష్టము. ఎండలో అందరు తాకగలది కలపయే.

పైగా నల్లని గ్రానైటు ఎండను ఎక్కువగ పీల్చి సాయంకాలము వరకు వేడిని విడువదు. జనులు వచ్చునది సాయంకాలమే. కనుక నల్లరాతిని ఎంచి ఎండలో వేయుట, డబ్బిచ్చి పొయ్యిని కొనుటయే. లేతరంగు రాయి, వేప గాని కానుగ గాని నీడ – ఈ రెండును ఉన్నచో ఏ పదార్థమైనను ఓర్చుకొనవచ్చును. చెట్టు నాటు ఖర్చును బెంచీ ఖర్చులో చేర్చిన అంచనాలు ఎన్ని కలవు?

ధర లెక్క

ఇక చౌక అను మాటను పరీక్షింతము. లెక్క కొరకు కొన్ని అంకెలను అనుకొందము. ఇవి బజారు ధరలు కావు. ఒక సిమెంటు బెంచీ 5,000 రూపాయలు, ఆయువు 8 ఏండ్లు. ఒక రాతిబెంచీ 12,000 రూపాయలు, ఆయువు 40 ఏండ్లు. ధరను ఏండ్లతో భాగించినచో మొదటిది ఏటికి 625, రెండవది 300 రూపాయలు. రాయి సగము కంటె చౌక అని ఇక్కడనే ఆగిపోవువారు కలరు. అది తొందరపాటు. డబ్బునకు వడ్డీ ఉన్నది. వడ్డీ 7 శాతముగ లెక్కించినచో సిమెంటు బెంచీకి ఏటికి 837, రాతిదానికి 900 రూపాయలగును. ఇప్పుడు సిమెంటే చౌక!

అయితే ఎనిమిదేండ్ల తరువాత కొను క్రొత్త బెంచీ ధర 5,000 వద్దనే నిలుచునా? ధరలు ఏటా 4 శాతము పెరుగుననుకొన్నచో నికరపు వడ్డీ సుమారు 3 శాతమే. అప్పుడు లెక్క సిమెంటునకు 712, రాతికి 519. రాయే గెలిచినది. విరిగినదానిని తొలగించు కూలి, బండి బాడుగ చేర్చినచో భేదము ఇంకను పెరుగును. విద్యార్థులు గమనింపవలసినది గెలుపోటములు కాదు. ఆయువు ఎంతయో తెలియనిదే ఏ లెక్కయు సాగదనునది. మన దౌర్భాగ్యమేమనగా, బెంచీల ఆయువును ఎవరును వ్రాసి ఉంచలేదు. వీపుపై దాత పేరు చెక్కబడి ఉండును. చేసిన సంవత్సరము ఉండదు, చేసిన విధము ఉండదు.

దాతల పేర్లను ఆక్షేపించుట నా ఉద్దేశము కాదు. పేరు కొరకే వీపుబల్ల వేయుటను ఆక్షేపించుచున్నాను. ఆ పలుచని నిలువుబల్లయే తరచుగ మొదట విరుగును. లోతుగ చెక్కిన అక్షరములలో నీరు నిలిచి, చువ్వపై కవరు మరింత తగ్గును. పేరును కాలిపై గాని, దళసరియైన అంచుపై గాని చెక్కవచ్చును. ప్రక్కనే సంవత్సరమును కూడ చెక్కినచో దాత ధర్మముతోపాటు విజ్ఞానమును గూడ దానము చేసినవాడగును.

అరుగు చెప్పు పాఠము

మన పాత ఇండ్ల ముందరి అరుగును, చెట్టు క్రింది రచ్చబండను శాస్త్రదృష్టితో చూచినవారు తక్కువ. అరుగులో కాళ్లు లేవు, కాళ్ల నడుమ దూరము లేదు. కనుక వంగుట లేదు, లాగుడు లేదు, ఇనుముతో పని లేదు. క్రింద ఇటుక కట్టడము, పైన గచ్చు లేక రాతిపలక. నీడ ఇంటి చూరుది లేక చెట్టుది. తీరమున గుల్లను కాల్చి తీసిన సున్నమే వాడెడివారు. దానికి లోపములు లేకపోలేదు. నేలలోని ఉప్పునీరు ఇటుకలగుండ పైకి ప్రాకి, ఆరినచోట ఉప్పు పేరుకొని ఇటుకను పొడిచేయును. నేలకు జానెడు ఎత్తున తారు పూత గాని, నాపరాతి వరుస గాని అడ్డముగ వేసినచో ఆ తడి ఆగును. పై పలకకు కొంచెము వాలు ఇచ్చినచో నీరు నిలువదు.

నా అభిప్రాయమున సముద్రతీరమునకు, ఉప్పునేలలకు అరుగువంటి కట్టుపై లేతరంగు రాతిపలక గాని, ఇనుము లేని దళసరి కాంక్రీటు గాని తగినది. రేవులలో, వరద మునుగు చోట్ల కూడ ఇదియే. పట్టణపు తోటలలో, కాపలా ఉన్నచోట, రాతికాళ్లపై టేకుబద్దలు. రైల్వేస్టేషనువంటి నీడపట్టున 304 స్టీలు. పలుచని చువ్వల సిమెంటు బెంచీ లోతట్టు ఊళ్లలో, కవరు సరిగ నున్నదని కొనువాడు తన కన్నులతో అచ్చులో చూచినపుడు మాత్రమే.

పాఠశాలలు చేయదగిన పని

ఈ విషయమున ఉన్నత పాఠశాలలు నిజమైన సేవ చేయగలవు. మొదట ఒక ప్రయోగము: నాలుగు సీసాలలో మెరుగుపెట్టిన మేకులు వేసి, ఒకదానిలో మంచినీరు, ఒకదానిలో ఉప్పునీరు, ఒకదానిలో సున్నపుతేట, నాలుగవదానిలో ఉప్పు కలిపిన సున్నపుతేట పోసి మూతలు బిగింపుడు. మొదటి రెండింటి తేడా త్వరలోనే తెలియును. చివరి రెండింటికి వారముల తరబడి ఓపిక పట్టవలెను. కాంక్రీటులోని చువ్వ కథయంతయు ఆ నాలుగు సీసాలలో ఉన్నది. రెండవది: ఇటుక, నాపరాయి, గ్రానైటు ముక్కలను ఎండబెట్టి తూచి, ఒక దినము నీటిలో నానబెట్టి మరల తూచుడు. ఎంత నీరు పీల్చినదో శాతములలో వ్రాయుడు.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. ఊరిలోని ప్రతి బెంచీకి ఒక వరుస చొప్పున ఒక పుస్తకము తెరువుడు: పదార్థము, వేసిన సంవత్సరము, దళసరి, నీడ ఉన్నదా లేదా, పగుళ్లెన్ని, చువ్వ కనబడుచున్నదా. వేసిన సంవత్సరమును పెద్దలనడిగి తెలిసికొనవచ్చును. ప్రతి వేసవిలో తొమ్మిదవ తరగతివారు ఆ పుస్తకమును మరల నింపవలెను. పదేండ్లకు ఆ ఊరి గాలిలో ఏ బెంచీ ఎంతకాలము నిలుచునో ఆ పుస్తకమే చెప్పును. అటుపిమ్మట పంచాయతీ బెంచీలు కొనునపుడు, ధరల పట్టికతోపాటు ఈ పుస్తకమును గూడ బల్లపై నుంచి మాటలాడవచ్చును.